వేటకు సన్నాహము: భారమును గూర్చిన విచారము

వేటాడుట ధర్మమా, యధర్మమా యను ప్రశ్న మన దేశమున ప్రాచీనమైనది. రాజులకు మృగయ వినోదమని చెప్పిన పెద్దలే దానిని సప్తవ్యసనములలో నొకటిగ లెక్కించిరి. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత భారతదేశమున నీ ప్రశ్న శాసనరీత్యా చాలవరకు ముగిసినది. అమెరికా సంయుక్తరాష్ట్రములలో నట్లు గాదు. అచ్చట మాంటానా, కొలరాడో, అలాస్కా మొదలగు రాష్ట్రములయందు, అనుమతిపత్రము పొందిన గృహస్థుడు బండిబాటలు లేని కొండలలోనికి మూపున మూటతో బోయి, కొన్ని దినములు వసించి, మృగమును గొట్టి తెచ్చుకొనుట నేటికిని చట్టసమ్మతము. అట్టివాడు తన సామగ్రి నెన్నుకొనుట కేవలము అంగడి వ్యవహారమని తోచును. మేము దానిని ధర్మవిచారమనియే తలచుచున్నాము. వేటగాని ధర్మాధర్మములు తుపాకి మ్రోగిన క్షణమున గాక, ఇంటికడ మూట గట్టుకొనునపుడే చాలవరకు నిర్ణయమగునని మా యభిప్రాయము.

మొదట లెక్క చూతము. రాకీ పర్వతములలో వేటగాండ్రు కోరెడి ఎల్క్ యను పెద్ద దుప్పి, మగది, సుమారు 300 కిలోల బరువుండును. చర్మమును, ఎముకలను, ప్రేవులను విడిచినను తినదగిన మాంసము 90 కిలోలకు దరిదాపుగ నుండును. దృఢకాయుడు కొండదారిని ఒక్కమారు 30 కిలోలు మోయగలడనుకొందము. మృగము పడిన చోటికిని బండి నిలిపిన చోటికిని నడుమ 8 కిలోమీటర్లున్నచో, మూడు మోతలు తెచ్చుటకును, నడుమ రెండుమారులు రిక్తహస్తములతో మరలిపోవుటకును గలసి 40 కిలోమీటర్లు నడువవలెను. ఇంతలో ఎండ కాసినచో మాంసము చెడును. ఎలుగుబంటి వాసన పట్టినచో వచ్చి కాపు వేయును. ఈ లెక్కను ముందుగ వేసికొనినవాడు తోడు లేక యంతదూరము పోడు. పోయినను కంటబడిన మృగమునెల్ల కొట్టడు. వేసికొననివాడు ఒక ప్రాణిని తీసి, సగము కుళ్లనిచ్చి, కొమ్ములతో నింటికి వచ్చును.

ఈ దోషమును అలాస్కా శాసనకర్తలు చక్కగ గుర్తించిరి. తినుటకై కొట్టదగిన పెద్దమృగముల మాంసమును అడవిలో వ్యర్థముగ విడుచుట అచ్చట శిక్షార్హమైన నేరము. మాంసము మోయుట ముగియకమునుపే కొమ్ములను తరలించుకొనిపోవుటయు నిషిద్ధము. ఈ నిబంధనయందలి భావము మాకు మిక్కిలి నచ్చినది. కీర్తి కడపట రావలెను. బాధ్యత ముందు తీరవలెను.

కావున సామగ్రి నెన్నుకొనువాడు ప్రతి వస్తువును చేతబట్టి యిట్లు ప్రశ్నించుకొనవలెను: ఇది నా పనియొక్క భారమును నేను వహించుటకు తోడ్పడునా, లేక దానిని మృగముమీదను పరులమీదను నెట్టుటకు తోడ్పడునా? నడుమునకు బరువు పంచెడి చట్రముగల మూపుసంచి, వాడి చెడని కత్తి, గాలి యాడెడి మాంసపు గుడ్డసంచులు, నీడను వ్రేలాడగట్టుటకు త్రాడు, దేశపటము, దిక్సూచి, ఇవి మొదటి తెగలోనివి. రెండవ తెగ వస్తువులకు కొరత లేదు. మృగము నీరు త్రాగు తావున గట్టెడి స్వయంచాలక ఛాయాయంత్రములను వేటకు సాయముగ వాడుటను అరిజోనా రాష్ట్రము 2022 జనవరి 1వ తేదినుండి నిషేధించెను. విమానములో దిగిన దినముననే పెద్దమృగములను గొట్టుటను అలాస్కా చాలవరకు నిషేధించినది. మృగమునకు తప్పించుకొను నవకాశము మిగులవలెనన్నదే యీ నియమముల సారాంశము.

తుపాకి విషయమున నిది మరింత ముఖ్యము. నేటి దూరదర్శక యంత్రములు 800 మీటర్ల దూరమున నున్న మృగమును కన్నులయెదుట నిలుపును. గుండు అంతదూరము పోవుటకు ఒక సెకనుకు పైబడి పట్టును. మృగము ఒక యడుగు వేయుటకు అంతకాలము చాలును. గుండెకు దాకవలసినది కడుపునకు దాకినచో, ఆ బాధ యెన్ని గడియలుండునో యెవడు లెక్కించును? దశరథుడు చీకటిలో శబ్దమునుబట్టి బాణమువేసి మునికుమారుని జంపిన కథ మనకందరకు దెలిసినదే. విద్య యున్నంతమాత్రమున దానిని ప్రయోగించు హక్కు రాదని యా కథవలన మేము గ్రహించుచున్నాము. కొండ యెక్కి, ఆయాసముతో గుండె కొట్టుకొనుచుండగా ఎంతదూరమునకు గురి తప్పదో, నెలల ముందే అభ్యసించి తెలిసికొని, ఆ హద్దు దాటకుండుటయే సన్నాహము.

గుండు ఏ లోహముతో జేయబడినదన్నదియు ధర్మవిషయమే. సీసపు గుండు శరీరములో తునుకలగును. వేటగాడు విడిచిన ప్రేవులను దిని కాలిఫోర్నియా కాండర్ యను మహాగృధ్రములు సీసవిషముచే చచ్చుచుండెను. 1982లో నా జాతి పక్షులు లోకమున 22 మాత్రమే మిగిలెను. కాలిఫోర్నియా 2019 జులై 1వ తేదినుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగ మాన్పించినది. రాగి గుండునకు కొంత వెల హెచ్చు; ఆ హెచ్చు తాను చెల్లింపనిచో పక్షి చెల్లించును.

ఆత్మరక్షణ సంగతియు నిట్టిదే. తడిసిన నూలుబట్ట దేహపు వేడిని హరించును. ఉన్ని తడిసినను కొంత వెచ్చదన మిచ్చును. క్రొత్త బూట్లతో పోయి పాదములు బొబ్బలెక్కినవాడు, దారి తప్పినవాడు, చలికి స్మృతి తప్పినవాడు తానొక్కడే కష్టపడడు. ఆ కొండలలో వెదకబోవువారు పెక్కుచోట్ల జీతములేని స్వచ్ఛందసేవకులు. వారి ప్రాణములను పణముగ బెట్టు హక్కు మన కెవరిచ్చిరి?

"చంపుట చంపుటయే, ఎట్లు చంపిన నేమి?" యని శాకాహారులైన మిత్రులు కొందరందురు. వారి కనికరమును మేము గౌరవింతుము. అయినను న్యాయస్థానములలో ఒకే మరణమును సంకల్పమునుబట్టియు, జాగరూకతనుబట్టియు వేరువేరు తరగతులుగ విభజించుట మాకు నిత్యపరిచితము. ఆ భేదము మృగమునకు బాధ తగ్గించునపుడు, దానిని ద్రోసివేయుట దయ గాజాలదు.

మన సంస్థానముల వేటలను స్మరింపుడు. అడవి సోదె చేయువారు కూలివాండ్రు, మోయువారు కూలివాండ్రు, పులి తిరుగబడినచో ముందు గాయపడువారును వారే. ప్రభువు మంచెమీదనుండి తుపాకి మాత్రము ప్రేల్చెను. భారము తనది గానపుడు లెక్క యెట్లుండును? వేటయు, అడవులు తరుగుటయు గలసి చీతాను రూపుమాపగా, 1952లో భారతప్రభుత్వము అది నశించెనని ప్రకటింపవలసివచ్చెను. 2022లో నమీబియానుండి మరల దెప్పింపవలసివచ్చెను.

చదువరులలో వేటకు బోవువారు మిక్కిలి కొందరే యుందురు. కాని తన కార్యఫలమును ఇతరులచే మోయించుట వేటగాండ్రకే పరిమితము గాదు. ఏ పనికైనను బయలుదేరకమునుపు, దాని బరువెంత, దానిని తెచ్చు మూపు ఎవరిది యని యడిగికొనుట మనకందరకును విధియే.