అల్పమునందు సుఖము కలదా?

ఛాందోగ్యోపనిషత్తునందు సనత్కుమారుడు నారదునకు ఉపదేశించిన భూమవిద్య ఆస్తికులకు సుపరిచితమే. పరిమితమైన దానియందు సుఖము లేదనియు, అపరిమితమైన భూమయే సుఖమనియు ఆ ఉపదేశసారము. ఆరోగ్యవంతుడు విన్నప్పుడు ఆ మాట వైరాగ్యమునకు దారి చూపును. కీళ్ళవాతముతో మంచము దిగలేకయున్నవాడు విన్నప్పుడు అదే మాట వేరొక విధముగ తోచును. వానికి మిగిలినవి అల్పములే. తెల్లవారుజామున చేతులకు తగిలిన వేడినీరు, అరుగుమీది లేత ఎండ, గుక్కెడు చోడి అంబలి, దూరమునుండి వినవచ్చు గుడిగంట. వీనియందును సుఖము లేదన్నచో వాడెక్కడికి పోవలెను? ఉన్నదన్నచో శ్రుతివచనమునకు విరోధము రాదా? ఇది పండితుల వాదగోష్ఠికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ప్రతి వీధిలోను ఎవరో ఒకరు ప్రతి ఉదయమును ఎదుర్కొనుచున్న ప్రశ్న.

లోకము కీళ్ళవాతమని పిలుచునది ఒక్క వ్యాధి కాదు. మోకాళ్ళు మొదలగు కీళ్ళలోని మృదులాస్థి క్రమముగ అరిగి వయసుతో హెచ్చునది ఒకటి. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి, తన కీళ్ళనే శత్రువులుగ నెంచి, వ్రేళ్ళ కణుపులకును మణికట్లకును వాపు, నొప్పి కలిగించునది మరియొకటి. చరకుడు వాతవ్యాధి చికిత్సితమున సంధిగతవాతమును చెప్పెను. మాధవకరుడు తన నిదానగ్రంథమున ఆమవాతమును వేరుగ నిరూపించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ననుసరించి 2019 నాటికి మొదటి విధమైన వ్యాధి కలవారు ప్రపంచమున 52 కోట్లకు పైగా నుండిరి. రెండవ విధమువారు సుమారు 1 కోటి 80 లక్షలు. ఈ రెండవ వ్యాధి స్త్రీలయందే అధికము. కీళ్ళ అరుగుదలలో నిద్రలేచిన తరువాతి బిగువు సాధారణముగ అరగంటలోపల సడలును. రెండవదానిలో గంటకు పైగా నిలుచుటయు కలదు.

అనగా ఈ రోగికి దినములో కఠినమైన వేళ ప్రాతఃకాలము. శాస్త్రములు పవిత్రమని కొనియాడిన వేళయు అదియే. స్నానము, సంధ్య, సూర్యనమస్కారము, వాకిట ముగ్గు, పూజకు పూలు కోయుట, అన్నియు ఆ ఘడియలలోనే జరుగవలెను. జీవితమంతయు నేలపై పద్మాసనమున కూర్చుండి అర్ఘ్యమిచ్చినవాడు ఒకనాడు నేలపై కూర్చుండలేడు. కూర్చుండినను లేవలేడు. రామతీర్థపు కొండమెట్లు ఏటేట ఎక్కిన కాళ్ళు ఇంటిగడపకడ ఆగిపోవును. దేహబాధ ఒక యెత్తు, ‘నా ధర్మము నాచే జరుగుట లేదు’ అను మనోబాధ మరియొక యెత్తు. ఈ రెండవ బాధకు మాత్రలు లేవు. దీనికి విచారమే ఔషధము.

మొదట శ్రుతిని చూతము. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు జనకునకు పరమానందమును బోధించుచు, తక్కిన ప్రాణులన్నియు ఆ ఆనందముయొక్క లేశమును ఆధారముగ చేసికొనియే జీవించుచున్నవని చెప్పెను. ఇది మరువరాని మాట. లోకమున కనబడు సుఖమెంత చిన్నదైనను దాని పుట్టిల్లు వేరు కాదు. సముద్రజలము దోసిటిలోనికి వచ్చినప్పుడు కొలత మారునుగాని ఉప్పదనము మారదు. మరి సనత్కుమారుని మాటకు అర్థమేమి? అల్పమును అల్పముగనే పట్టుకొని, ‘ఇది నాది, ఇది పోరాదు, ఇది చాలదు’ అనువానికి దానియందు సుఖము నిలువదని అర్థము. అదే అల్పమును భూమయొక్క లేశముగ స్వీకరించినవానికి అది బంధము కాదు, ప్రసాదము. గుడిలో అర్చకుడు చేతిలో నుంచిన తులసిదళమును ఎవడును తూచి చూడడు. అది వచ్చిన చోటు గొప్పది కావున కన్నుల కద్దుకొనును. శ్రుతివచనములు రెంటికిని విరోధము లేదు. భేదము వస్తువునందు లేదు, గ్రహించు విధమునందు కలదు.

తైత్తిరీయములోని ఆనందమీమాంస ఇంకొక దారి చూపును. ఆనందమును కొలుచుటకు ఆ ఉపనిషత్తు మొదటి కొలతగ ఒక యువకుని తీసికొన్నది. వాడు బలాఢ్యుడు, దృఢగాత్రుడు, విద్యావంతుడు, సకలసంపదలతో నిండిన భూమికి అధిపతి. అట్టివాని సుఖము మానుషానందమున ఒక్క మాత్ర మాత్రమే. అక్కడినుండి నూరేసి రెట్లుగ గంధర్వుల, పితరుల, దేవతల ఆనందములను లెక్కించుచు, ప్రతి మెట్టునందును ఆ ఆనందము కామముచే కొట్టబడని శ్రోత్రియునకును కలదని శ్రుతి చెప్పుచున్నది. గమనింపుడు. దేహదార్ఢ్యము మొదటి కొలతకే చెప్పబడినది. పైమెట్లకు అడిగిన అర్హత కోరికల దెబ్బ తగులకుండుటయే. కాళ్ళు నడువనివానికి ఆ మెట్లు మూయబడలేదు.

ఇంతవరకు శాస్త్రము. ఇక కళింగాంధ్రము కన్నుల ముందుంచిన దృష్టాంతము కలదు. శ్రీకాకుళ పట్టణమునకు చేరువనున్న అరసవల్లి సూర్యనారాయణస్వామి క్షేత్రమునకు హర్షవల్లి యనియు పేరు. రోగార్తులు ఆరోగ్యమును కోరి రథసప్తమినాడును, ఆదివారములయందును అచ్చటికి వత్తురు. ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతమునను, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతమునను ఉదయకిరణములు స్వామి పాదములను తాకును. ఉత్తరమునకు జరుగునప్పుడొకమారు, దక్షిణమునకు మరలునప్పుడొకమారు సూర్యుడు క్షితిజముపై ఒకే తావున ఉదయించుటచే ఇది ఏడాదికి రెండు పర్యాయములు సంభవించును. ఆ వెలుగు నిలుచునది కొలది నిమిషములే. మబ్బు పట్టినచో ఆ నాటికి లేదు. అయినను, ‘సంవత్సరమంతయు నుండని వెలుగు ఎందుకు?’ అని ఏ భక్తుడును ప్రశ్నింపడు. వేకువనే వచ్చి వేచియుండును. ఉన్నంతసేపు చూచును. పోయినపిమ్మట చేతులు జోడించును. నొప్పి సడలిన నాలుగు నిమిషములను ఈ విధముగ చూడనేర్చినవానికి అవి నాలుగు నిమిషములే యని దిగులుండదు.

అచ్చటనే మరియొక మూర్తి కలదు. స్వామి ఏడు గుఱ్ఱముల రథమునకు సారథి అనూరుడు. అనూరుడనగా తొడలు లేనివాడు. తల్లియైన వినత ఓర్వలేక గ్రుడ్డును ముందుగ పగులగొట్టుటచే దేహము పూర్ణముగ నేర్పడక పుట్టెనని మహాభారత మాదిపర్వమున చెప్పినది. ఈ కథలో తప్పు పుట్టినవానిది కాదు. రోగిని చూచినంతనే ‘ఏ జన్మలో ఏ పాపము చేసెనో’ అనువారు ఈ సంగతి తలపవలెను. అట్టి అనూరునకు దేవతలు ఏ మూలనో చోటు చూపలేదు. జగత్తునకు వెలుగు తెచ్చు రథపు పగ్గములు చేతికిచ్చిరి. నడువలేనివాడు ముందు కూర్చుండగ సూర్యుడంతవాడు వెనుక వచ్చుచున్నాడు. అనూరుని మరియొక పేరు అరుణుడు. ఆయన పేర వచ్చినదే అరుణోదయము. కీళ్ళవాతపు రోగికి కఠినమైన వేళయు, అనూరుని యేలుబడిలోని వేళయు ఒక్కటే. వ్రేళ్ళు ముడుచుకొనిపోయి మంచముపై కూర్చున్నవాడు తూరుపు ఎఱ్ఱబడుట చూచుచు, ‘తొడలు లేనివాడు బయలుదేరినాడు’ అనుకొనవచ్చును. అది వానికి సంధ్యావందనములో మొదటి భాగమే యగును.

ఆసనము మాటయు చూతము. పతంజలి ఆసనమునకు చెప్పిన లక్షణములు రెండే: నిలుకడ, సుఖము. నేలయనియు పద్మాసనమనియు ఆయన నిర్బంధింపలేదు. కావున నేలపై కూర్చుండలేనివాడు పీటమీదనో కుర్చీమీదనో కూర్చుండి జపము చేసికొనుట లోపము కాదు. నొప్పిచే మనస్సంతయు మోకాలియందే నిలిపి పద్మాసనము వేయుటకంటె, కుర్చీలో నుండి మనస్సును మంత్రమున నిలుపుట మేలు.

చిన్న సుఖములను వెదకుటకు దూరము పోనక్కరలేదు. కాని వెదకవలెను. అవి పిలువక రావు. పొందూరు ప్రాంతమున వాలుగ చేప దవడతో ప్రత్తిని శుభ్రపరచి సన్నని నూలు వడకుట తరతరముల విద్య. వయసు మీరి వడకలేకపోయిన వృద్ధురాలు కోడలు తీసిన పోగును వ్రేళ్ళకొసలతో తాకి దాని సన్నదనమును చెప్పగలదు. పని పోయినను ఎఱుక పోలేదు. విజయనగరమున 1919లో వెలసి ఆదిభట్ల నారాయణదాసుగారిని మొదటి అధ్యక్షునిగ కలిగిన సంగీత కళాశాల యొక్క నీడలో పెరిగిన ఊళ్ళలో ఇంటింట వినికిడి జ్ఞానము కలదు. వ్రేళ్ళు తంత్రిపై పరుగెత్తకున్నను చెవి రాగముతో నడుచును. వంగి ముగ్గు వేయలేని అవ్వ అరుగుపై కూర్చుండి చుక్కల లెక్క చెప్పును. ‘మామ్మా, ఇక్కడ కలపనా?’ అని మనుమరాలు తలయెత్తి అడిగినప్పుడు ఆ ముగ్గు ఇద్దరిదగును. మాల కట్టలేనివారు పూలను రేకు చెడనివానిని, చెడినవానిని వేరుచేసి ఈయగలరు. వేడి అంబలి గిన్నెను రెండు అరచేతుల నడుమ పట్టుకొన్నప్పుడు ఆ వెచ్చదనము కణుపులలోనికి దిగు క్షణము కలదు. త్రాగుటకు ముందు ఆ క్షణమును నిలిపి చూచుట యొక చిన్న నైవేద్యము.

ఈ మాటలు కల్పనలు కావనుటకు చరిత్రయే సాక్ష్యము. కేరళదేశమున మేల్పుత్తూరు నారాయణభట్టతిరి వాతరోగపీడితుడై గురువాయూరు స్వామిని ఆశ్రయించి, దినమునకొక దశకము చొప్పున నూరు దినములలో నారాయణీయమును పూర్తిచేసెనని ప్రసిద్ధి. అది 1586 నాటి మాట. ఆ స్తోత్రమున దశకములు సాధారణముగ రోగనివారణ ప్రార్థనతో ముగియును. కాని దశకమంతయు రోగమే కాదు. పైశ్లోకములన్నిటను స్వామి లీలలు నిండియున్నవి. చివర నొక్కచోట నొప్పికి చోటు. నొప్పిని దాచలేదు, దానికి గృహమంతయు ఈయలేదు. ఈ పాలు రోగికి పాఠము వంటిది. పాశ్చాత్యులలోను ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు రెన్వార్ కీళ్ళవ్యాధిచే చేతులు వంకరపోయి చక్రముల కుర్చీకి పరిమితుడై, కుంచెను ఇతరులు చేతిలో నుంచగ, 1919లో మరణించువరకు చిత్రములు వ్రాయుచునే యుండెను.

ఇంత చెప్పినను రెండు హెచ్చరికలు తప్పవు. మొదటిది: సంతోషము వైద్యమునకు బదులు కాదు. రక్షణశక్తి దారితప్పినందున వచ్చు కీళ్ళవ్యాధికి నేడు తగిన మందులు కలవు. ఆరంభముననే వైద్యుని చూచినచో కీళ్ళు చెడిపోకుండ చాలవరకు కాపాడుకొనవచ్చును. మ్రొక్కుకొని మందు మానుట భక్తి కాదు. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణములలో జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడచుకొనుట, ధైర్యములతోపాటు తన బాధను తెలియజెప్పగలుగుటయు చేర్చెను. కావున నొప్పిని పైకి చెప్పుట బలహీనత కాదు, అది రోగి గుణము. మౌనముగ పండ్లు బిగించి భరించుటయే తితిక్ష యనుకొనువారు ఈ సంగతి గ్రహింపవలెను.

రెండవది ఇంటివారికి. ‘ఉన్నదానితో తృప్తిపడరాదా?’ అని రోగితో అనుట సులభము. కాని సంతోషము ఎవరికి వారు బోధించుకొనవలసిన నియమము. ఎదుటివానికి మనము చేయవలసినది బోధ కాదు, సేవ. అరుగుమీది ఎండ సుఖమే. అక్కడివరకు చేయి పట్టి నడిపించువాడు లేనిచో అది కనుచూపు దూరములోనే నిలిచిపోవును. వేడినీరు సుఖమే. కాచి ఇచ్చువారుండవలెను. పీట ఎత్తుచేయుట, గడపకడ పట్టుకొనుటకు ఒక కఱ్ఱ బిగించుట, చెంబుకు చేతి కనువైన పిడి యుంచుట, ప్రదక్షిణమున వృద్ధుని వేగముతో తాము నడచుట, ఇవన్నియు ఆలయమున దీపము పెట్టుటతో సమానమైన పనులు. రోగి ధర్మము చేతికందిన ఆనందలేశమును గుర్తించుట. తక్కినవారి ధర్మము దానిని వాని చేతికందునట్లు చేయుట. ఈ రెండవది లేక మొదటిదానిని కోరుట న్యాయము కాదు.

కనుక అల్పమునందు సుఖము కలదా యన్న ప్రశ్నకు సమాధానమిది. అల్పమును కొలుచుకొని ఏడ్చువానికి లేదు. పోయిన ఆరోగ్యముతో దానిని పోల్చువానికి లేదు. దాని పుట్టిల్లును తెలిసి, వచ్చినంతసేపు రెండు చేతుల స్వీకరించి, పోవునప్పుడు పోనిచ్చువానికి కలదు. రేపటి తెల్లవారుజామునను కీళ్ళు బిగిసియే యుండవచ్చును. అప్పుడును తూరుపున అనూరుడు పగ్గములు చేపట్టును. వేడినీళ్ళతో ఒక బిడ్డ గదిలోనికి వచ్చునట్లు ప్రతి యింటను శ్రీ సూర్యనారాయణస్వామి అనుగ్రహించుగాక.