ఆ మాత్రం తెలియదా?

“అన్నీ నోరు విప్పి చెప్పాలా? ఆ మాత్రం తెలియదా?” ఈ మాట ఒక్కసారైనా పడని ఇల్లాలు ఉందంటే నేను నమ్మను. భోజనాల దగ్గర మంచినీళ్ళ గ్లాసు మొదలుకుని, పెళ్ళిలో ఆడపడుచుకి పెట్టే చీర దాకా మన సంసారాలన్నీ ఈ ‘ఆ మాత్రం’ మీదే నడుస్తాయి. తెలిస్తే అందులో గొప్పేమీ లేదు. తెలియకపోతే మాత్రం మనదే లోపం.

ఈ మాట మీద నాకు ఈమధ్య కొత్త అనుమానాలు పుట్టాయి. ఏ ఉపనిషత్తో చదివి పుట్టాయంటే చెప్పుకోవడానికి బాగుండేది. కానీ పుట్టించింది కంప్యూటరు. తెలుగూ, చరిత్రా చదివి బి.ఏ. అనిపించుకున్న నేను, నలభై ఆరేళ్ళ వయసులో, హైదరాబాదులో ఒక యూనివర్సిటీ వారు సాయంత్రాలు నడిపే ప్రోగ్రామింగ్ కోర్సులో చేరాను. మరీ ఓనమాల కోర్సు. రాస్తున్న నవలలో నాయిక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఆ పిల్ల పగలంతా ఏం చేస్తుందో తెలియకుండా ఎలా రాయను? క్లాసులో సగంమంది మా అమ్మాయి ఈడు పిల్లలు. పాఠం చెప్పే అమ్మాయికే ముప్పై నిండలేదు.

మాకు నేర్పేది పైథాన్ అనే భాష. గిడో వాన్ రోసమ్ అనే డచ్చి ఆయన తయారుచేసి 1991లో లోకం మీదికి వదిలాడు. బ్రిటిష్ టీవీలో వచ్చిన ఒక హాస్య కార్యక్రమం మీద సరదాకొద్దీ ఆ పేరు పెట్టాడట. హాస్యం పేరులో ఉందేగాని స్వభావంలో లేదు. వరసలో ఒక వాక్యం అకారణంగా ఒక్క ఖాళీ లోపలికి జరిగినా సరే, ఇక నేను కదలనని మొరాయిస్తుంది.

మొదటి వారంలోనే ఒక తమాషా జరిగింది. రెండు అంకెలు అడిగి, కూడి చెప్పే ప్రోగ్రాం రాయమన్నారు. నా పక్క కుర్రాడు చకచకా రాసేసి, 2 ఒకటీ 3 ఒకటీ ఇచ్చాడు. జవాబు 23 అని వచ్చింది! క్లాసంతా ఘొల్లుమంది. మనం మీటలు నొక్కి ఇచ్చేదాన్ని ఆ భాష అక్షరాలుగానే తీసుకుంటుందట. రెండు అక్షరాలని కలపమంటే పక్కపక్కన పెడుతుంది. ‘వీటిని అంకెలుగా మార్చుకో’ అని మనమే చెప్పాలి.

“అది కూడా చెప్పాలా మేడమ్?” అన్నాడు కుర్రాడు ఉక్రోషంగా.

“చెప్పాలి. నీ మనసులో ఏముందో అది చూడదు. నువ్వు చెప్పిందే చేసింది, అందులో దాని తప్పేం లేదు” అంది ఆ అమ్మాయి.

ఆ రాత్రి పప్పు తాలింపు వేస్తున్నా నాకు అదే ఆలోచన. చెప్పిన మాటకీ మనసులో ఉన్నదానికీ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని పూడ్చే బాధ్యత ఎవరిది? యంత్రం దగ్గరైతే చెప్పినవాడిది. ఇంట్లో మాత్రం విన్నదానిది. ఎందుకలాగ?

ఏడా లవ్‌లేస్ అనే ఇంగ్లీషు ఆవిడ యంత్రాల సంగతి 1843లోనే తేల్చేసింది. ఛార్లెస్ బాబేజ్ ఊహించిన, ఎన్నడూ పూర్తికాని ఒక లెక్కల యంత్రం మీద వ్యాఖ్య రాస్తూ, అది తనంతట తాను ఏదీ కల్పించదనీ, ఎలా చెయ్యాలో మనకి తెలిసి చెప్పగలిగిందే చేస్తుందనీ చెప్పింది. ఆవిడ జమీందారీ వంశపు ఇల్లాలు. చెప్పకుండానే అన్నీ అమర్చే పనివాళ్ళు ఇంటినిండా ఉండే ఉంటారు. వాళ్ళ గురించి ఎక్కడైనా రాసిందో లేదో మరి!

‘అవతలివాళ్ళకి తెలిసే ఉంటుందిలే’ అనుకోవడం ఒక్కోసారి ఎంత ఖరీదో చూడండి. అమెరికా వాళ్ళు 1998 డిసెంబరులో అంగారకుడి మీదికి ఒక నౌకని పంపారు. మరుసటేడు సెప్టెంబరులో, తీరా గమ్యం చేరాక అది కాస్తా నాశనమైంది. ఒక జట్టు రాసిన ప్రోగ్రాం బలాన్ని పౌండ్లలో లెక్కకట్టి పంపిస్తే, రెండో జట్టు వాటిని న్యూటన్లనుకుని వాడుకుంది. ఇద్దరూ మహా మేధావులే.

అయితే అన్నీ చెప్పుకోవలసిందేనా? అక్కడే నాకు గొంతులో ముల్లు పడింది. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ స్థితిలో రెండేళ్ళు బతికారు. ఎడమ కంటి కొస కదిలితే దిండు సర్దాలి, పెదవి బిగిస్తే దుప్పటి తియ్యాలి, గుమ్మం వైపు చూస్తే తులసికోట దగ్గర దీపం పెట్టారా అని అర్థం. ఎవరూ నేర్పలేదు, ఆవిడా చెప్పలేదు. నా జీవితంలో నేను చేసిన ఉత్తమమైన పని ఏదంటే నవలలు కాదు, ఆ రెండేళ్ళే అంటాను. చెప్పని మాట వినడం అప్పుడు ప్రేమే. దాన్ని కాదనమని ఏ యంత్రం చెప్పినా నేను వినను.

కానీ ఆవిడ చెప్పలేకపోయారు. చెప్పగలిగి, చెప్పే శ్రమ పడని వాళ్ళ మాటేమిటి? ఇద్దరికీ ఒకే సేవ చేస్తూ, రెండింటినీ ప్రేమ అనే పిలుస్తున్నాం మనం.

మీకు నచ్చిన విషయం మీద ప్రోగ్రాం రాయండి అంటే నేను పాలలెక్క తీసుకున్నాను. రోజుకి రెండు పాకెట్లు, నెలకి ఇంత. ఇందులో ఏముంది అనిపిస్తుందా? ఊరికి వెళ్ళిన రోజు? చుట్టాలొచ్చిన రోజు? పాలు విరిగిపోతే డబ్బు పట్టుకోవాలా, అక్కర్లేదా? ప్రతి ‘ఒకవేళ’కీ ఒక ‘లేకపోతే’ రాయాలి. రాయాలంటే ముందు తేల్చుకోవాలి. “విరిగిన పాకెట్టుకి డబ్బు పట్టుకుందామా?” అని మావారిని అడిగితే, పేపరు మీంచి తల ఎత్తకుండా, “అదంతా నువ్వు చూసుకుంటావుగా” అన్నారు. మంచి మనిషే. ఇరవై రెండేళ్ళుగా ఇంటి విషయాల్లో తనకేం కావాలో ఆయన తేల్చుకోవలసిన అవసరమే రాలేదు, అంతే. అడక్కుండా అన్నీ అమర్చి ఆయనకి మేలు చేశానా అన్నది నాకిప్పటికీ తెగని ప్రశ్న.

మా క్లాసు పిల్లలకి ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి అరకొరగా ఒక మాట పడేస్తే చాలు, మొత్తం ప్రోగ్రాం రాసి చేతిలో పెట్టేస్తోంది. మనం చెప్పకుండా వదిలేసినవన్నీ తనకి తోచినట్టు పూరించుకుంటుంది. విసుక్కోదు. ఎప్పుడో గానీ ఎదురు ప్రశ్న వెయ్యదు. దాన్ని చూస్తుంటే బాగా ఎరిగున్న మనిషినెవరినో చూస్తున్నట్టే ఉంది నాకు! మొదటి ఎనిమిది వారాలూ దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదంది మా టీచరు. “ప్రోగ్రాం ఎవరైనా రాస్తారు. మీకేం కావాలో మీకు తెలిసిందా అని చూస్తున్నాను” అంది. ముప్పై నిండని పిల్ల!

పోయిన వారం డిక్షనరీ అనే పాఠం వచ్చింది. అంటే నిఘంటువు కాదు, పేరు ఒకవైపూ దానికి సంబంధించినది ఒకవైపూ రాసి దాచుకునే పద్ధతి. ఇంట్లోవాళ్ళ పేర్లూ, ఎవరికే కూర ఇష్టమో ఎక్కించమన్నారు. మా వరసలో రాజమండ్రి ఆవిడ ఒకరున్నారు. నాకన్నా పదేళ్ళు పెద్ద. భర్తకి గుత్తి వంకాయ, పెద్దబ్బాయికి బంగాళాదుంప వేపుడు, కోడలికి బెండకాయ, చివరికి మనవడికి ఆనపకాయ పప్పు కూడా చకచకా కొట్టేసింది. తన పేరు కొట్టి ఆగిపోయింది.

పైథాన్ ఇలా అడిగిన చోట ఊరికే ఎదురుచూస్తుంది. తొందరపెట్టదు. తనే ఏదో ఒకటి అనుకుని ముందుకి పోదు. తెర మీద చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆవిడ ‘దొండకాయ’ అని కొట్టి, “ఛ, అది మావారి చెల్లెలికి కదూ ఇష్టం” అని చెరిపేసింది. మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకు కూచుంది. ఇంతలో క్లాసు టైమైపోయింది.

లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అంది. “పనసపొట్టు కూరండీ. ఆవపెట్టి. తిని ముప్పై ఏళ్ళయింది.”