అదనుకు అందే నీరు

హిమాలయాల వర్షచ్ఛాయలో, అంటే మేఘాలను అడ్డగించే కొండలకు అవతలి వైపున ఉన్న లడఖ్‌లో వాన అతి స్వల్పం కాబట్టి, అక్కడి రైతు హిమానీనదాన్ని, అనగా ఏళ్ల తరబడి పేరుకుని మెల్లగా జారే మంచురాశిని నమ్ముకుని బార్లీ విత్తుతాడు. ఆ మంచు అతని గాదె. వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ ఆ గాదె తరిగిపోతోంది. నడివేసవిలో కరిగిన నీరు పారుతుంది. విత్తే వేళకు మాత్రం కాలువలు ఎండి ఉంటాయి. నీరు ఉంది, అదనుకు లేదు.

ఇది గమనించిన ఇంజినీరు చేవాంగ్ నోర్ఫెల్, 1980ల చివర, శీతకాలంలో వృథాగా పోయే వాగునీటిని ఊరికి దగ్గరగా నీడపట్టుకు మళ్లించి, రాతి అడ్డుకట్టల వెనుక గడ్డకట్టించాడు. తరువాత లడఖ్‌కే చెందిన మరో ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ బృందం, ఎత్తు నుంచి గొట్టంలో దిగిన నీటిని పంపు లేకుండానే పైకి చిమ్మించి, మంచుస్తూపంగా నిలిపింది. మొన తేలిన ఆ ఆకారంలో నీటి పరిమాణంతో పోలిస్తే ఎండ తగిలే మేర తక్కువ కాబట్టి అది నెమ్మదిగా కరిగి, అదనుకు నీరిస్తుంది.

వీటికంటే పాతది, బహుశా మరింత మెచ్చదగినది, చుర్‌పోన్ పద్ధతి. చుర్‌పోన్ అంటే పొలాలకు వంతులవారీగా నీరు వదలడానికి ఊరు ఎంచుకున్న పెద్ద. తెలంగాణ చెరువుల కింద నీరటికాడు చేసిన పని దాదాపు ఇదే. ఇక మంచుస్తూపం అన్నిచోట్లా కుదరదు; దానికి గట్టి చలి కావాలి, శీతకాలంలోనూ పారే వాగు కావాలి. ఎగువ ఊరు ఆ వాగునీటిని నిలుపుకుంటే దిగువ ఊరి వాటా ఎంతన్నది మాత్రం రెండూళ్లవారూ కూర్చుని తేల్చుకోవలసిందే.