ఓపిక ఎవరిది?

"ఆడదాంట్లనే ఏదో దోషమున్నది మేడమ్. తీసుకరాండ్రి, మార్చి వేరేది ఇస్త."

పాతబస్తీలో పిట్టల దుకాణం అతను ఈ మాట చాలా మామూలుగా అన్నాడు. నాలుగు నెలల్లో మా జీబ్రా ఫించ్ జంట మూడుసార్లు గుడ్లు పెట్టింది. ఒక్క పిల్లా దక్కలేదు. ఏం చెయ్యాలో అడుగుదామని వెళ్లాను. ఇంకొకప్పుడైతే ఆ మాటకి నవ్వేసేదాన్నేమో. కానీ అంతకు వారం ముందే ఇంచుమించు ఇదే అర్థం వచ్చే మాట, ఇంకాస్త మర్యాదగా, ఒక ఆస్పత్రి గదిలో విని ఉన్నాను. పెళ్లయిన ఆరేళ్లకు మేం పిల్లల కోసం వైద్యం మొదలుపెట్టాం. నాకు రక్తపరీక్షలు, స్కానింగులు, గర్భనాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే అన్నీ పూర్తయ్యాక, ఎనిమిదో నెలలో గానీ నా సహచరుడికి ఒక్క పరీక్ష రాయలేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగంమంది విషయంలో మగవారి వైపు నుంచి కూడా కారణం ఉంటుందని తెలిసిన ఈ రోజుల్లో కూడా, వెతకడం మాత్రం ఆడదాని దగ్గరే మొదలవుతుంది.

ఆ ఎదురుచూపుల మధ్య మనసు మళ్లించుకోడానికే ఈ పిట్టల్ని తెచ్చుకున్నాం. వెనక వరండాలో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున ఇనుప జాలీ కట్టించి, మూలల్లో చిన్న చిన్న మట్టి కుండలు వేలాడదీశాం. కొర్రలు, వరిగలు, నానబెట్టి మొలకెత్తించిన గింజలు, అప్పుడప్పుడూ ఉడికించిన గుడ్డు వాటి తిండి. పరిశోధన అలవాటున్న మనిషిని కదా, ఒక నోటుబుక్కు కూడా పెట్టాను. ఎన్ని గుడ్లు, ఏ రోజు పొదగడం మొదలైంది, ఎవరు ఎంతసేపు కూర్చున్నారు, అన్నీ రాసేదాన్ని. వీటిలో మగదీ ఆడదీ వంతులవారీగా పొదుగుతాయి. పన్నెండు నుంచి పద్నాలుగు రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఆ లెక్క చూసి నేను రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని. ఫోన్లో అమ్మ "ఓపిక పట్టు తల్లీ" అనేది. పిట్టల విషయంలో నాకు నేనే అదే చెప్పుకునేదాన్ని.

దుకాణం నుంచి తిరిగొచ్చి, ఆ ఆడపిట్టను మార్చకుండా, నోటుబుక్కు మళ్లీ మొదటినుంచి చదివాను. మొదటిసారి గుడ్లు పెట్టాక కూడా కొబ్బరిపీచు జాలీలో అలాగే వదిలేశాను. ఫించ్‌లకు పీచు కనబడితే గూడు కట్టడం ఆపవు. గుడ్ల మీదే మళ్లీ పరుపు పేర్చి, దాని మీద ఇంకొన్ని గుడ్లు పెట్టాయి. అడుగున ఉన్నవి చల్లబడిపోయాయి. రెండోసారి నా ఆత్రం కొద్దీ రోజుకు రెండుసార్లు కుండలో తొంగి చూశాను. అవి గూడు విడిచిపెట్టేశాయి. మూడోసారి వారం దాటాక గుడ్లను వెలుతురుకు అడ్డంపెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు లేవు. ఖాళీ గుడ్లు. అవి కూర్చునే కర్ర వదులై ఊగుతోందని, కాలు నిలవని చోట జతకూడడం కుదరదని అప్పుడు గానీ నాకు తట్టలేదు. మూడుసార్లూ తప్పు నేను చేసిన ఏర్పాటులో ఉంది. దోషం మాత్రం ఆడపిట్ట ఖాతాలో పడింది.

ఇక్కడ నాకు దోషం, లోటు అనే రెండు మాటల మధ్య తేడా స్పష్టంగా కనిపించింది. దోషం మనిషిలో వెతికేది. లోటు ఏర్పాటులో వెతికేది. దోషం దొరికితే మనిషిని మార్చేస్తారు. లోటు దొరికితే కర్ర బిగించాలి, పీచు తీసెయ్యాలి, తొంగి చూడడం మానుకోవాలి. రెండోది ఎక్కువ పని. పైగా ఆ పని తాళంచెవి ఉన్నవాళ్లే చెయ్యాలి.

2015లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పక్షిశాస్త్ర సంస్థ పరిశోధకులు జీబ్రా ఫించ్‌ల మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. కొన్ని పిట్టల్ని తమకు నచ్చిన తోడుతో ఉండనిచ్చారు. మరికొన్నింటిని తామే జతకట్టారు. నచ్చి జతకట్టిన వాటికి బతికిన పిల్లలు 37 శాతం ఎక్కువ. పిట్టల్ని చూపించి మనుషులకు నీతి చెప్పడం నాకిష్టం లేదు. "ప్రకృతి ధర్మం" అనే మాటతో ఆడవాళ్ల నోరు మూయించిన చరిత్ర చాలా ఉంది. కానీ ఒక్క సంగతి గమనించదగ్గది. ఏ పిట్టలోనూ దోషం లేకుండానే ఒక గూడు ఖాళీగా మిగలొచ్చు. ఆ ప్రశ్న మా దుకాణదారు అడగలేదు. ఆస్పత్రిలో అడగలేదు. నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ అడగలేదు.

కర్ర బిగించాక నాలుగోసారి ఐదు గుడ్లు పెట్టింది. అక్టోబరులో నాలుగు పిల్లలు వచ్చాయి. మూడు వారాలకు గూడు దిగి తండ్రి వెంట పడి నోళ్లు తెరుస్తుంటే నేను పొంగిపోయాను. నోటుబుక్కులో "ఓపిక ఫలించింది" అని రాసుకున్నాను. ఆ సంబరంలో కుండలు దించలేదు. పిల్లలు పూర్తిగా సొంతంగా తినకముందే తల్లి మళ్లీ గుడ్లకు కూర్చుంది. ఒక డిసెంబరు పొద్దున్న ఈకలు ఉబ్బించుకుని నేలమీద కూర్చుని ఉంది. గుడ్డు అడ్డుపడింది. సముద్రపు నురుగు ముక్క జాలీకి కట్టే ఉంది. కానీ వెంట వెంటనే ఇన్ని ఈతలకు అది సరిపోలేదు. బల్బు వేడిలో పెట్టాను, వైద్యుడి కోసం ఫోన్లు చేశాను. మధ్యాహ్నానికి నా అరచేతిలోనే పోయింది.

మన భాషలో ఓపిక అంటే సహనం ఒక్కటే కాదు, సత్తువ కూడా. "లేచే ఓపిక లేదు" అన్నప్పుడు మనం శరీరం గురించే మాట్లాడతాం. ఇన్నేళ్లు సాహిత్యం చదివి కూడా ఈ రెండర్థాలు ఒకే మాటలో ఎందుకున్నాయో నేను ఆలోచించలేదు. ఓపిక పట్టడమంటే ఒంట్లోంచి ఏదో ఖర్చుపెట్టడం. నా ఓపికకు ఖర్చయింది ఒక నోటుబుక్కు, కొన్ని సాయంకాలాలు. దాని ఓపికకు ఖర్చయింది ఎముకల్లోని సున్నం. భూదేవంత ఓర్పు అని మెచ్చుకునేవాళ్లు భూమిలోంచి ఏం తవ్వుకుపోతున్నారో చెప్పరు.

ఈ పిట్టల సొంత నేల ఆస్ట్రేలియా. అక్కడి ఎండు ప్రాంతాల్లో వాన పడి గడ్డిగింజలు పండితేనే గూళ్లు కడతాయి. కరువొస్తే మానేస్తాయి. "ఇక చాలు" అని కరువు చెబుతుంది. జాలీలో కరువు రాదు. నీళ్లు, గింజలు ఎప్పుడూ ఉంటాయి. అందుకే "చాలు" అనే మాట పెంచేవాళ్లే చెప్పాలి. ఏడాదికి రెండు మూడు ఈతలు కాగానే కుండలు దించెయ్యాలి. పెంచేవాళ్ల ఓపిక అంటే ఫలితం కోసం కాచుకోవడం కాదు, ఫలితం వద్దనుకుని ఆగడం. అది నేను చెయ్యలేదు.

పంజరాన్ని మన రచయిత్రులు ఎన్నో రకాలుగా రాశారు. అబ్బూరి ఛాయాదేవి బోన్సాయ్ కథ చదివి పెరిగిన తరం మాది. అందులో నేనెప్పుడూ చెట్టునే. పంజరం కథల్లో నేనెప్పుడూ పిట్టనే. కత్తెర పట్టుకున్న చెయ్యి, తాళంచెవి ఉన్న నడుము నాదీ కావచ్చని ఏ సెమినార్లోనూ అనుకోలేదు. బాధితురాలి చోటు నిజమే. కానీ ఆ ఒక్క చోటే మనదనుకుంటే, మన చేతికింద ఉన్న ప్రాణాల లెక్క మనకు కనబడదు.

జనవరిలో కుండలన్నీ దించేశాను. ఆస్పత్రివాళ్లు మరో విడత ఇంజెక్షన్లకు తేదీ ఇచ్చారు. అమ్మకు ఫోన్ చేసి వెళ్లడంలేదని చెప్పాను.

"ఇంకొక్కసారి ఓపిక పట్టు తల్లీ" అంది.

"లేదమ్మా. ఓపిక లేదు."

ఏ అర్థంలో అన్నానో అమ్మకు తెలిసింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నం తిన్నావా?" అని అడిగింది.

మగపిట్ట, నాలుగు పిల్లలూ ఇంకా వరండాలోనే ఉన్నాయి. ఇది వాటి నేల కాదు, బయటికి వదిలితే బతకవు. కాబట్టి జాలీ తలుపు తెరిచి చేతులు దులుపుకునే సుఖం నాకు లేదు. పొద్దున్నే నీళ్లు మారుస్తాను, కర్రలు గట్టిగా ఉన్నాయో లేదో చూస్తాను. నోటుబుక్కులో ఆ "ఓపిక ఫలించింది" అన్న పేజీ చింపలేదు. దాని కింద డిసెంబరు తేదీ మాత్రం రాశాను.