పంచమసారం: ఔషధంలో అమృతత్వపు అన్వేషణ

మొక్కలోని రోగహరశక్తి దాని దేహానికి చెందినదా, లేక ఆ దేహం నుంచి విడదీయదగిన వేరొక తత్త్వమా అన్న ప్రశ్న మధ్యయుగ ఐరోపాలో వైద్యానికీ మతచింతనకూ ఉమ్మడిగా ఉండేది. చంద్రమండలానికి దిగువనున్న సమస్తమూ మట్టి, నీరు, గాలి, నిప్పులతో ఏర్పడి నశిస్తుందనీ, నక్షత్రలోకం మాత్రం నాశంలేని ఐదవ ద్రవ్యంతో నిండి ఉంటుందనీ అరిస్టాటిల్ బోధించాడు. అవిన్యోన్ చెరలో ఉన్న ఫ్రాన్సిస్కన్ సన్యాసి జాన్ ఆఫ్ రూపెసిస్సా 1351–52 ప్రాంతంలో, ఆ ద్రవ్యానికి సాటివచ్చేది భూమిమీద కూడా లభిస్తుందని వాదించి, ద్రాక్షసారాయిని పదేపదే స్వేదనం చేసి, అంటే మరిగించి ఆవిరిని చల్లార్చి, తీసిన ద్రవాన్ని 'క్వింటెసెన్స్', అనగా పంచమసారం అన్నాడు. అందులో వేసిన మాంసం కుళ్లకపోవడమే ఆయనకు ప్రత్యక్ష ప్రమాణం. లోకాంతానికి ముందు వచ్చి విశ్వాసులను హింసిస్తాడని చెప్పే క్రీస్తువిరోధి రాక సమీపించిందని నమ్మినందున, ఆ కష్టకాలంలో దైవసేవకుల దేహాలు నిలవడానికి మూలికల గుణాన్ని అందులోకి దించే పద్ధతులనూ వివరించాడు.

ఆయన పరిశీలన నిజమే గాని, నిర్ణయం నిలవలేదు. మాంసాన్ని కాపాడినది దివ్యద్రవ్యం కాదు, సూక్ష్మజీవులను పెరగనివ్వని ఆల్కహాల్. అనంతరకాలపు ఔషధశాస్త్రం ఒక గ్రాము ఎండుమూలికకు ఒక మిల్లీలీటరు చొప్పున 'ఫ్లూయిడ్ ఎక్స్‌ట్రాక్ట్' అనే గాఢద్రవాన్ని తయారుచేసి, అమృతత్వానికి బదులు మోతాదును కొలిచింది. డిజిటాలిస్ అనే మొక్క ఆకు నుంచి తీసిన సారం తగిన మోతాదులో గుండెకు మేలుచేసి, మోతాదు మించితే ప్రాణం తీస్తుంది. కనుక సారం ఎంత గాఢమైనా ద్రవ్యధర్మాన్ని దాటదు. దాన్ని ఔషధంగా నిలబెట్టేది వాడేవాని వివేకమే.