ఆరు గళ్ళ ఎడం

లెక్కలంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. ఆ భయంతోనే బి.ఏ.లో చేరాననీ, ఆ బి.ఏ. మూలంగానే నవలలు రాస్తున్నాననీ మావారు వేళాకోళం చేస్తూంటారు. నవల్లో ఇద్దరు మనుషుల్ని కలపాలంటే ఓ వర్షం కురిపిస్తే చాలు. లెక్కల్లో రెండు గీతలు కలవాలంటే మాత్రం వాటికా యోగం ముందే రాసిపెట్టి ఉండాలిట! ఈ సంగతి నలభై దాటాక, అచ్యుతాపురంలో మా వసారాలో కూర్చుని తెలుసుకున్నాను.

మావారి ఉద్యోగం మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా ఇది విశాఖపట్నం జిల్లాలోని ఊరు. ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చాక ఊరి తీరే మారింది. పూట పూటకీ పనికి వెళ్ళే ఆడవాళ్ళ బస్సులు మా వీధి చివర ఆగుతాయి. చేతిలో క్యారేజీ, తల్లో ఇంకా ఆరని తడి. మా పక్క వాటా ఆవిడా అలాగే ఓ కుట్టుపని కంపెనీకి వెళుతుంది. ఆవిడ కూతురూ మా అమ్మాయీ పదో తరగతి. ఇద్దరూ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకి తయారవుతున్నారు. 120 మార్కుల ఆ పరీక్షలో లెక్కల వాటాయే పెద్దది.

రోజూ సాయంత్రం ఆరింటికి ఇద్దరూ మా వసారాలో చేరతారు. ఒకటే చాప, ఒకటే దీపం, ఒకటే పుస్తకం. ఎనిమిది దాకా చదువు. మధ్యలో చెరో గ్లాసు పాలు. "ఇద్దర్నీ సమానంగా చూస్తున్నాను" అని నాలో నేను కాస్త మురిసిపోయిన మాట నిజం.

"ఈ రేఖీయ సమీకరణాలంటే ఏమిటో నాకూ చెప్పవే" అని ఓ రోజు మా అమ్మాయినడిగాను.

"ఆటో లెక్కేనమ్మా! ఎక్కగానే ముప్పై రూపాయలు అనుకో. అక్కణ్ణించి కిలోమీటరుకి పదిహేను. ఆ ముప్పై గీతకి మొదలు. ఆ పదిహేను వాలు. గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే తిన్నటి గీత వస్తుంది. అంతే!" అంది.

అంతేనట! 1637లో ఫ్రాన్సు దేశపు రెనె డెకార్ట్ సమీకరణానికీ గీతకీ ముడి వేస్తూ పుస్తకం అచ్చువేశాడు. అప్పట్నించీ లోకంలో ఎంతమంది పిల్లలు ఈ చుక్కలు కలిపారో!

మర్నాడు పక్క వాటా పిల్ల ఓ లెక్క చేస్తూ ఆగిపోయింది. రెండు గీతలు. ఒకటి మూడు దగ్గర మొదలైంది, రెండోది తొమ్మిది దగ్గర. రెండూ ఒక్కో అడుక్కి రెండేసి గళ్ళు పైకెక్కుతున్నాయి.

"పిన్నిగారూ, ఇవి కలవ్వండి. ఎంత పొడిగించినా ఆరు గళ్ళ ఎడం అలాగే ఉంటాది. సాధన లేదని రాసీమంటారా?"

"రాసెయ్యమ్మా" అన్నాను. ఆ పిల్ల రాసేసి పేజీ తిప్పేసింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా అమ్మాయి ఆరింటికి చాప మీద కూర్చునేసరికి టిఫిను తిని, ఓ కునుకు తీసి ఉంటుంది. ఆ పిల్ల బడినుంచి రాగానే నీళ్ళు పట్టి, అన్నం వార్చి, నాలుగేళ్ళ తమ్ముణ్ణి ఆడించి, పెట్టి, పడుకోబెట్టి వస్తుంది. చదవడంలో ఒకరికొకరు తీసిపోరు. వాలు ఒక్కటే, మొదలే వేరు. నేనెంతో గొప్పగా ఇచ్చిన ఆ సమానమైన రెండు గంటలూ ఆరు గళ్ళ ఎడాన్ని తుడిచెయ్యడం లేదు సరికదా, భద్రంగా కాపాడుతున్నాయి!

పాయసం సమానంగా పంచడం మనకందరికీ వచ్చు. కూర్చున్నవాళ్ళ ఆకళ్ళు సమానంగా లేనప్పుడు ఏం చెయ్యాలన్నదే చిక్కు.

కింది గీత పైదాన్ని అందుకోలేదా? ఎందుకందుకోదు! రెండేసి బదులు మూడేసి గళ్ళు ఎక్కితే సరిగ్గా ఆరో అడుగులో, ఇరవై ఒకటి దగ్గర కలుస్తుంది. అంటే ఒకరు రెండు గళ్ళు ఎక్కేచోట రెండోవాళ్ళు మూడెక్కాలన్నమాట. అలా ఎక్కినవాళ్ళని చూసి "పాపం, కష్టపడి పైకొచ్చింది" అని చప్పట్లు కొడతాం. ఆ ఒక్క గడీ బరువు ఆ పిల్ల నెత్తిన ఎందుకు పడిందని మాత్రం అడగం. చప్పట్లకి ఖర్చు లేదు కదూ!

ముంబాయినుంచి పూణే వెళ్ళే దారిలో కర్జత్ దాటాక ఘాట్ వస్తుంది. అక్కడ ముప్పై ఏడు అడుగులకి ఒక అడుగు ఎత్తు. మనకది స్వల్పంగా కనిపిస్తుంది గానీ, రైలుకది కొండే. అందుకని వెనక ఇంకో ఇంజను తగిలించి తోస్తారు. అలా తోయించుకున్నందుకు ఆ రైలుని ఎవరూ చిన్నచూపు చూడరు. ఎక్కుడు ఎంతో ఇంజనీర్లు ముందే కొలిచి పెట్టుకున్నారు గనక! మనుషుల దగ్గరే మనం కొలవడం మరిచిపోతాం.

తెల్లారాక పక్క వాటాకి వెళ్ళి, పిల్ల కోచింగుకి డబ్బు కడతానన్నాను. ఆవిడ బస్సుకి తయారవుతూ, "డబ్బులొద్దమ్మా. తీర్చలేకపోతే అది మీ ముందు తలెత్తుకోలేదు. మా సిన్నోణ్ణి రోజూ ఓ గంట మీ ఇంట్లో ఉంచుకోండి, సాలు. ఆ గంట దానికి మిగుల్తాది" అంది.

చూశారా? ఎక్కుడు ఎక్కడుందో ఎక్కేవాళ్ళకే తెలుసు.

మా అమ్మాయి మూతి ముడుచుకుంది. "రేపు ఒక్క సీటు దగ్గరే దానికీ నాకూ పోటీ వస్తేనో? నాకన్యాయం చేసినట్టు కాదూ?"

తల్లిని కదా, గుండె కలుక్కుమంది. "నీ గంట తీసి దానికివ్వలేదే. నా గంట ఇస్తున్నాను. నీ తొమ్మిది తొమ్మిదిలాగే ఉంది" అన్నాను. సీటు సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో ఓ తుమ్మెదల లెక్క ఉంది. గుంపులో అయిదో వంతు ఒక పూవు మీద, మూడో వంతు మరో పూవు మీద వాలాయి. ఆ రెండింటికీ ఎంత తేడానో అంతకి మూడు రెట్లు ఇంకో పూవుకి వెళ్ళాయి. ఒక్క తుమ్మెద మిగిలిపోయింది. మొత్తం ఎన్ని? పదిహేను. మా పిల్లలు నిమిషంలో చేసేశారు. నాకు మాత్రం ఒకటే తోచింది: మిగిలిపోయిన ఆ ఒక్కదాన్ని లెక్కలోకి తీసుకుంటే తప్ప మొత్తం ఎంతో తేలదు.

ఇప్పుడు రోజూ అయిదింటికి ఆ నాలుగేళ్ళవాడు మా ఇంటికొస్తాడు. అనకాపల్లి బెల్లం ముక్క చేతిలో పెడితే కాసేపు కుదురుగా ఉంటాడు. ఆరు గళ్ళ ఎడం ఇప్పటికి అయిదయిందో లేదో నేను చెప్పలేను. ఆ గంటలో నా నవల ముందుకి సాగకపోవడం మాత్రం ఖాయం. వాడు నా కాగితాలనిండా పెన్సిలుతో గీతలు గీస్తున్నాడు. వాటిలో తిన్నటి గీత ఒక్కటీ లేదు. అన్నీ ఎక్కడో ఒకచోట కలుసుకుంటూనే ఉన్నాయి.