యంత్రోపాధ్యాయుడు: జవాబుదారీతనపు ప్రశ్న

2022లో హైదరాబాదులోని ఇండస్ ఇంటర్నేషనల్ పాఠశాల ‘ఈగిల్’ అనే రోబోలను తరగతి గదిలో ప్రవేశపెట్టింది. పాఠాన్ని అందించడమే ఉపాధ్యాయ ధర్మమైతే యంత్రం చాలునని ఒప్పుకోక తప్పదు.

బమ్మెర పోతన భాగవతం సప్తమ స్కంధంలోని చండామార్కులు ఈ చర్చకు ఉపకరిస్తారు. రాజు కోరిన చదువునే వారు బోధించారు. శిష్యుని మనసు ఎటు పోతున్నదో గ్రహించలేదు. ఒక విధంగా వారు యంత్రోపాధ్యాయులకు పూర్వరూపాలు. అయితే ప్రహ్లాదుడు హరిభక్తిని ప్రకటించినప్పుడు హిరణ్యకశిపుని ఆగ్రహం గురువుల వైపు మళ్లింది. అది తాము నేర్పినది కాదని వారు విన్నవించుకోవలసి వచ్చింది. శిష్యుని గ్రహించలేకపోయినా, ‘ఇది ఎవరు నేర్పారు?’ అన్న ప్రశ్న ఎదుట నిలబడవలసిన మనుషులు వారు.

పోతన పుట్టిన ఆ ఓరుగల్లు సీమలోనే, సుబేదారిలోని ఒక బడిలో, రేపు రోబో తప్పు చెబితే ఆ ప్రశ్న ఎవరిని అడగాలి? తయారీదారు ఆ పిల్లవానిని ఎరుగడు. యంత్రం పేరుపెట్టి పిలిచినా సిగ్గుపడదు.

ఉపాధ్యాయుడే లేని ఊరికి యంత్రమైనా మేలు కదా అన్న వాదనను తేలికగా తోసిపుచ్చలేము. సాధనంగా దానికి చోటున్నది. అయితే ఖాళీ పోస్టును భర్తీ చేయకపోవడానికి అదే సాకైతే, తల్లిదండ్రులు వెళ్లి నిలదీయడానికి ఆ బడిలో మనిషి ఉండడు.